ఏడువేల ఎనిమిదివందల అరవైమూడు వర్గం

…ఎనిమిది రెండు ఎనిమిది అని నోరు అనేసింది గానీ, అక్కడే ఏదో పంటికింద రాయిలా తగిలింది. తగిలింది నోటికా, చెవికా, లేక ఆ రెంటి వెనకాల ఎక్కడో కూర్చుని, అడగ్గానే వర్గాల పట్టిక విప్పి చూపించే ఆ పాత గుమస్తాకా అన్నది తేలకముందే బస్సు కదిలిపోయింది. వెనక రేకు మీది నంబరు మాత్రం కంట్లో మిగిలిపోయింది. ఏడు ఎనిమిది ఆరు మూడు.

ఇంకోసారి అడుగుదాం అనుకున్నాడు. అడగడమంటే కళ్ళు మూసుకుని, నంబరు తలచుకుని, ఊరికే ఉండటం. వెతికితే రాదు. ఊరుకుంటే దానంతటదే వస్తుంది. నలభై ఏళ్ళు అలాగే వచ్చింది.

వచ్చింది. ఆరు ఒకటి ఎనిమిది రెండు ఎనిమిది ఏడు ఆరు తొమ్మిది. ఆరుకోట్ల పద్దెనిమిది లక్షల ఇరవై ఎనిమిది వేల ఏడువందల అరవై తొమ్మిది. తడబాటు లేదు, సందేహం లేదు, నిన్నటి తారీఖు చెప్పినంత నిబ్బరంగా వచ్చింది.

అలవాటు చొప్పున అంకెలు కూడాడు. ఆరూ ఒకటీ ఏడు, ఎనిమిది కలిపితే పదిహేను, పదిహేడు, ఇరవై అయిదు, ముప్ఫై రెండు, ముప్ఫై ఎనిమిది, నలభై ఏడు. నాలుగూ ఏడూ పదకొండు. ఒకటీ ఒకటీ రెండు.

రెండు.

బస్టాపు బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. ఎంత పెద్ద సంఖ్య వర్గాన్నయినా సరే, అంకెలన్నీ కూడి, వచ్చినదాన్ని మళ్ళీ కూడి, ఒక్క అంకె మిగిలేదాకా లాక్కొస్తే ఒకటి రావాలి, లేదా నాలుగు, ఏడు, తొమ్మిది. ఈ నాలుగు తలుపుల్లోంచి తప్ప ఏ వర్గమూ బయటికి రాదు. రెండు అనే తలుపే లేదు. అంటే ఇంత నిబ్బరంగా వచ్చి ఎదురుగా నించున్న ఈ సంఖ్య దేనికీ వర్గం కాదు. దొంగ మొహం. ఎవరో ఇంట్లోకి జొరబడి, కుర్చీలో కూర్చుని, నేనే ఇంటాయన్ని అంటున్నట్టుంది.

"బస్సెక్కరా మాస్టారూ?" అన్నాడు కళ్ళజోళ్ళ షాపాయన, గుమ్మంలో నించుని అద్దాలు తుడుస్తూ. ఆయన షాపు బస్టాపు వెనకే. పది నిమిషాల కిందే అతను అక్కడినుంచి భార్య కళ్ళజోడు తీసుకుని బయటపడ్డాడు. చొక్కా జేబులో ఇంకా బరువుగా, కొత్తగా ఉంది.

"నా బస్సు కాదు."

"మూడు పోనిచ్చారు. అన్నీ మీవి కాకపోతే ఎలా?"

నవ్వబోయాడు. పెదాలు సాగాయి గానీ నవ్వు కిందికి దిగలేదు.

మూడు వారాల కింద, పాలప్యాకెట్టు పట్టుకుని సొంత వీధి మొదట్లో నించున్నప్పుడు, కుడికా ఎడమకా అన్నది ఒక్క గుక్క తిప్పుకునేంతసేపు అతనికి తెలియలేదు. ఆ వీధిలో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాడు. తర్వాత తెలిసింది, నడిచాడు, ఇంటికొచ్చాడు, ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ రోజునుంచే ఒక ఒప్పందం పెట్టుకున్నాడు, తనతో తనే. రోజుకి మూడు బళ్ళ నంబర్లు. ఒక్కోదానికి వర్గం గుర్తు నుంచి చెప్పాలి, అంకెలు కూడి సరిచూసుకోవాలి. మూడూ సరిపోయినంతకాలం డాక్టరూ లేడు, జబ్బూ లేదు. భార్య వేరేగా ఏం గమనించిందో ఏమో, పదిరోజుల కిందట మతిమరుపు డాక్టరు దగ్గర రేపటి పొద్దున పదింటికి వేళ తీసుకుంది. తీసుకుంటే తీసుకోనీ, ఆఖరి నిమిషంలో వెళ్ళనంటే సరిపోతుంది, వర్గాలు సరిపోతున్నాయిగా అనుకున్నాడు. అరవై రెండు నంబర్లు ఒక్క తప్పు లేకుండా గడిచాయి. ఇది అరవై మూడోది.

కళ్ళజోడు రసీదు తీసి వెనక్కి తిప్పాడు. పెన్ను తీశాడు. ఏడువేల తొమ్మిదివందలకి ముప్ఫై ఏడు తక్కువ. ఏడువేల తొమ్మిదివందల వర్గం ఆరుకోట్ల ఇరవై నాలుగు లక్షల పదివేలు. అందులోంచి అయిదు లక్షల ఎనభై నాలుగు వేల ఆరువందలు తీసేయాలి. ముప్ఫై ఏడు వర్గం పదమూడువందల అరవై తొమ్మిది కలపాలి. కలిపాడు. ఆరు ఒకటి ఎనిమిది రెండు ఆరు ఏడు ఆరు తొమ్మిది. కూడితే నలభై అయిదు, అంటే తొమ్మిది. సరైన తలుపే.

ఒక్క అంకె తేడా. ఆరు ఉండాల్సిన చోట ఎనిమిది.

అటూ ఇటూ ఉన్నవాటిని పిలిచి చూశాడు. ఏడువేల ఎనిమిదివందల అరవై రెండుది వచ్చింది: ఆరుకోట్ల పద్దెనిమిది లక్షల పదకొండు వేల నలభై నాలుగు. అరవై నాలుగుది వచ్చింది. రెండూ నిఖార్సయినవి. వర్గాలు మెట్ల వరసలాంటివి, ఒక మెట్టునుంచి ఇంకో మెట్టుకి ఎత్తు ఎప్పుడూ బేసి సంఖ్యే, ప్రతిసారీ కచ్చితంగా రెండు చొప్పున పెరుగుతుంది. ఇక్కడ పదిహేనువేల ఏడువందల ఇరవై అయిదు ఎక్కాలి, తర్వాత ఇరవై ఏడు. తన బుర్రలోని మెట్ల మీద ఎక్కితే మాత్రం ఈ ఒక్కచోట రెండువేలు ఎక్కువ ఎక్కి, తర్వాత రెండువేలు తక్కువెక్కాల్సి వస్తోంది. చీకట్లో మెట్లు దిగేవాడి కాలు అక్కడే జారుతుంది.

అన్నయ్యకీ ఒక్క దగ్గరే మొదలైంది.

అన్నయ్య దర్జీ. ఊళ్ళో సగంమంది కొలతలు ఆయన బుర్రలో ఉండేవి, పుస్తకం ముట్టేవాడు కాదు. ఒకరోజు ఒకే ఒక్కాయన మెడ కొలత పదహారని కుట్టాడు, అది పద్నాలుగు. అందరూ నవ్వారు, అన్నయ్యా నవ్వాడు. అదే చిమ్మటపురుగు కొట్టిన మొదటి చిల్లు. తర్వాత గుడ్డంతా పోవడానికి ఆరేళ్ళు పట్టింది. చివరి మూడేళ్ళు అన్నయ్య వీళ్ళింట్లోనే ఉన్నాడు. టేపు మణికట్టుకి చుట్టుకుని, విప్పుకుని, చుట్టుకునేవాడు. అది అతను భరించాడు. పక్క తడపడం భరించాడు. కానీ ఒక ఉదయం కాఫీ ఇవ్వబోతుంటే అన్నయ్య గబుక్కున లేచి నించుని, రెండు చేతులతో కప్పు అందుకుని, "మీరెందుకండీ శ్రమ తీసుకున్నారు" అన్నాడు. పుట్టినప్పటినుంచీ ఒరేయ్ అని తప్ప పిలవని మనిషి. తిట్టినా, కొట్టినా, ఎవడ్రా నువ్వు అని అరిచినా అతను అంత వణికేవాడు కాదు. ఆ 'అండీ'లో ఎంత మర్యాద ఉందో అంత దూరం ఉంది. ఆ దూరానికి అవతలినుంచి అన్నయ్య మళ్ళీ ఈ ఒడ్డుకి రాలేదు.

అప్పటినుంచీ అతని భయానికి ఒక రూపం ఉంది. చావు కాదు. ఎప్పుడో ఒక ఉదయం తను భార్య వంక మర్యాదగా చూసి, మీరు అంటాడు.

ఇంటికి నడిచే వచ్చాడు. బస్సెక్కితే నంబర్లు కనబడతాయని.

భార్య ముందుగదిలో ఉతికిన దుప్పట్లు పెట్టుకుని కూర్చుంది. ఇతన్ని చూడగానే ఒక దుప్పటి రెండు కొసలు అందించింది. మాట్లాడకుండానే ఇద్దరూ ఎదురెదురుగా నించుని దులిపారు, మడిచారు, దగ్గరికొచ్చారు, కొసలు కలిపారు, మళ్ళీ వెనక్కి జరిగారు. చేతులకి ఇంకా అన్నీ తెలుసు అనుకున్నాడు. చేతులు చివర్న పోతాయి.

"అద్దాలు తెచ్చారా?"

"రేపు రమ్మన్నాడు."

ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు. జేబులో కళ్ళజోడు గుండెకి ఆనుకుని ఉంది.

"రేపా? పొద్దున్నే ఫోన్ చేసి తయారయ్యాయి రమ్మన్నాడుగా."

"అద్దం మరమేకు సరిపోలేదట."

"ఒక్క మర బిగించడానికి వారమా. ఈపాటికి కళ్ళే కొత్తవి మొలిచేవి నాకు." దుప్పటి లాక్కుని తనే చివరి మడత వేసింది. "మరి ఆ కాగితం సంగతేంటి? సాయంత్రంలోగా ఆసుపత్రిలో ఇచ్చేయాలి. ఇవ్వకపోతే రేపటి వేళ ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు."

కాగితం బల్లమీదే ఉంది. ఎగిరిపోకుండా దానిమీద, తను ప్రూఫులు దిద్దిన అచ్చుశాలనుంచి తెచ్చుకున్న సీసపు దిమ్మ. పై సగం పేరూ, వయసూ, వాడే మందులూ. అది భార్య నింపింది. కింది సగం మీద 'ఇంటివారు నింపవలసినది' అని ఉంది, దాని కింద పదకొండు ప్రశ్నలు. సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఆమె కళ్ళజోడు మీదే కూర్చుంది. అద్దం ఊడి, మర ఎటో పోయింది. ఆ క్షణంలో అతనికి సంతోషం వేసింది. సంతోషం వేసిందని తెలిసి సిగ్గేసింది. ఆ ప్రశ్నలు అతను ఇప్పటికి నాలుగుసార్లు చదువుకున్నాడు. వాటికి ఆమె ఏం రాస్తుందో తెలియదు. తనకి తెలియనివి ఆమెకి ఎన్ని తెలుసో తెలియదు. అతన్ని నిలవనివ్వనిది అదే.

"పోనీ ప్రశ్నలు మీరు చదవండి. నేను చెప్తా, మీరే రాసేయండి" అంది.

"ఎవరి ప్రూఫు వాళ్ళు దిద్దుకోకూడదు."

"నేనూ అదే అంటున్నా మూడు వారాలుగా" అంది ఆమె, తలెత్తకుండా.

మూడు వారాలు. పాలప్యాకెట్టు రోజు కిటికీలోంచి చూసిందా? ఒక్క గుక్క తిప్పుకునేంతసేపనుకున్నది నిజంగా ఎంతసేపు?

ఆమె దుప్పట్లు లోపల పెట్టడానికి వెళ్ళగానే అతను మూలగదిలోకి దూరాడు. అక్కడ అన్నయ్య కుట్టుమిషను ఉంది. దానికి ఒక కాలు పొట్టి. ఆ కాలి కింద దన్నుగా పెట్టిన పుస్తకం, ఒకటినుంచి తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభై తొమ్మిది దాకా వర్గాల పట్టిక, అయిదో ముద్రణ. కాలిక్యులేటర్లు జేబుల్లోకి రాకముందు కొలతలవాళ్ళూ, ఇంజినీర్లూ, పరీక్షల పిల్లలూ కొనుక్కున్న పుస్తకం. అందులో ప్రతి అంకె అతని కంటికింద నలిగింది. భార్య అప్పుడు ఆ అచ్చుశాలలో చదువరి. రాతప్రతి చూస్తూ ఆమె గట్టిగా చదివేది, అతను ప్రూఫు చూసేవాడు. ఏడు ఎనిమిది ఆరు మూడు, గీత, అని గడుల మధ్య గీతని కూడా వదలకుండా, ఒకే గొంతుతో, ఎత్తూ పల్లం లేకుండా. చూసింది సరిపోతే అతను పెన్సిలు వెనకభాగంతో బల్లమీద టక్కున తట్టాలి. తప్పుంటే తట్టడు. అంతే వాళ్ళ పద్ధతి. తట్టు వినబడకపోతే ఆమె ఆగిపోయేది. రోజుకి నాలుగు వేల తట్లు. పక్కగదిలో ఫోర్‌మన్ మీ ఇద్దరూ వడ్రంగులా ప్రూఫువాళ్ళా అని విసుక్కునేవాడు.

మిషను కాలు మోకాలితో ఎత్తి పుస్తకం లాగాడు. అట్ట మీద ఇనుప కాలి గుంట పడి ఉంది. మోకాళ్ళ మీదే కూర్చుని పేజీలు తిప్పాడు. డెబ్భై తొమ్మిదో పేజీ. అరవై మూడో వరస.

ఆరు ఒకటి ఎనిమిది రెండు ఎనిమిది ఏడు ఆరు తొమ్మిది.

ఒకటికి పదిసార్లు చూశాడు. అచ్చులో ఉన్నదే తన బుర్రలో ఉంది. పొల్లుపోకుండా ఉంది. తప్పు పుస్తకానిది. చూసినదాన్ని చూసినట్టు దాచినందుకు ఆ గుమస్తాకి దండం పెట్టాలనిపించింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లేచి గంతెయ్యాలనిపించింది గానీ మోకాళ్ళు ఒప్పుకోలేదు.

"మిషను కింద ఏం చేస్తున్నారు? ఎలకా?" గుమ్మంలో భార్య.

"నాకేం లేదు" అన్నాడు. గొంతు పిల్లాడి గొంతులా వచ్చింది. "విను. నాకేం జబ్బు లేదు. పొద్దున్నించీ చచ్చిపోయాననుకో భయంతో." అని మొత్తం చెప్పేశాడు. వీధి మొదట్లో నించున్నది, ఒప్పందం, బళ్ళ నంబర్లు, బస్సు, రెండు అనే తలుపు. చెప్తున్నకొద్దీ తేలికైంది. "పుస్తకమే తప్పు. నా బుర్ర సరిగ్గానే ఉంది. విను, చదువుతున్నా. ఏడు ఎనిమిది ఆరు మూడు, గీత, ఆరు ఒకటి ఎనిమిది రెండు ఎనిమిది…"

"ఏడు ఆరు తొమ్మిది" అని ఆమె పూర్తిచేసింది. నవ్వింది కూడా. "దానికింత హడావుడా. అది మీరు పెట్టిందేగా."

"నేనా?"

"ఇంకెవరు? ఆ అవతలి ప్రెస్సువాళ్ళు మన పట్టిక మక్కీకి మక్కీ దించేసి, వాళ్ళ అట్ట వేసుకుని అమ్ముకుంటున్నారని. లెక్కలు మేమే కట్టుకున్నాం అనేవాళ్ళుగా బుకాయించి. అందుకని ఒక్క అంకె తప్పు వేద్దాం, అదీ దింపారంటే దొరికిపోతారని ఫోర్‌మన్ మీతో అన్నాడు. తప్పు ఏ వరసలో వెయ్యాలన్నది మీ ఇష్టం అన్నాడు."

అతను పుస్తకం వంక చూశాడు. ఆ వరస అతని వంక చూసింది.

"మీరు రెండు రోజులు అన్నం సరిగ్గా తిన్లేదు. తెలియనివాడెవడన్నా దాన్ని నమ్మి గోడ కడితే అని. చివరికి, అంకెలు కూడితే వర్గమే కాదని తేలిపోవాలి, లెక్క తెలిసినవాడు మోసపోకూడదు, దొంగ మాత్రమే మోసపోవాలి అని ఎంచి ఎంచి ఇది పెట్టారు. ఆరు తీసి ఎనిమిది. వాళ్ళ పుస్తకంలో అదే ఎనిమిది వచ్చింది, దొరికిపోయారు. ఫోర్‌మన్ అందరికీ అరపూట సెలవిచ్చాడు."

అతను ఎదురుచూశాడు. ఇంత విన్నాక లోపల ఎక్కడో ఒక తలుపు తెరుచుకోవాలి. ఆ గది, ఆ ఫోర్‌మన్ మొహం, రెండు రోజుల ఆకలి, ఏదో ఒకటి ఊడిపడాలి. ఊరుకుంటే వస్తుంది. ఊరుకున్నాడు.

ఏమీ రాలేదు. ఎవరో పరాయివాడి కథ. బాగుంది. కొత్తగా ఉంది.

సంఖ్య ఉంది. దాన్ని తయారుచేసిన మనిషి లేడు. చీటీ మిగిలింది, చీటీ రాసినవాడు లేచిపోయాడు. ఇప్పటిదాకా ఎంత పెద్ద తప్పు వెతుక్కుంటున్నాడో అంత పెద్ద తప్పూ తను దండం పెట్టబోయిన చోటే ఉంది. మోకాళ్ళ కింద నేల చల్లగా తగిలింది.

"గుర్తుందిగా?" అంది భార్య.

"ఎందుకు లేదు." పక్కనున్న మిషను చెక్క మీద వేలితో టక్కున తట్టాడు.

ఆ చప్పుడు గదిలో అలాగే ఉండిపోయింది. ఆమె మొహంలో నవ్వు మెల్లిగా ఆరిపోయింది. వచ్చి అతని పక్కనే నేలమీద కూర్చుంది, మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ.

"చూడకుండా తట్టారు" అంది.

"లేదే."

"పదకొండేళ్ళు మీ తట్టు విన్నాను నేను. చూసి తట్టిందేదో, చూడకుండా తట్టిందేదో నాకు తెలీదా? మధ్యాహ్నం మూడయ్యాక మీకు కునుకొచ్చేది. అప్పుడు తట్లు కొంచెం ముందే పడేవి. నేను చదవడం పూర్తికాకముందే. అప్పుడు ఆ వరస మళ్ళీ చదివేదాన్ని, మీకు చెప్పకుండా."

"అది నలభై ఏళ్ళ కిందటి సంగతి. ఎవరికి గుర్తుంటుంది?"

"మీకే." ఆమె గొంతు మెత్తగా ఉంది. "పోయినేడు మా చెల్లెలింట్లో భోజనాల దగ్గర మొత్తం కథ చెప్పారు. అంతకుముందు పైవాటా వాళ్ళకి. ఆ కథ నేను ముప్ఫైసార్లు విన్నాను. ప్రతిసారీ ఒకచోట ఆగి నా వంక చూసేవారు. ఎక్కడ ఆగేవారు?"

అతను అట్ట మీది గుంటని వేలితో తడిమాడు.

"ఆ సంఖ్యనే ఎందుకు ఎంచారని నేనడిగాను. అసలు వర్గాన్ని నిశ్శేషంగా భాగించేవి తొమ్మిదే ఉన్నాయి అన్నారు. గుణిస్తే అదే సంఖ్య వచ్చేలా రెండేసి జత కడితే నాలుగు జంటలవుతాయి, మధ్యలో ఒకటి మిగిలిపోతుంది, దాన్ని దాంతోనే గుణించాలి, ఏ వర్గంలోనైనా ఇలా ఒకటి ఒంటరిగా మిగులుతుంది అన్నారు. నేను, ఆ మిగిలినవారు మీరేనా అన్నాను. నవ్వులాటకే అన్నాను. అప్పుడు మీరు ఇంకో మాట అడిగారు నన్ను."

"ఏమడిగాను?"

ఆమె అతని వంక చూడకుండా ఎదురు గోడవంక చూస్తూ, ప్రూఫు చదివే ఆ పాత గొంతుతో, ఎత్తూ పల్లం లేకుండా చెప్పింది. "చదువరిగారూ, మీరు నన్ను పెళ్ళి చేసుకుంటారా, అన్నారు. అప్పటికి మనం మీరు మీరు అనుకునేవాళ్ళం."

మీరు. అతను భయపడుతున్న మాట అక్కడ, మొదట్లో, ఇంకో మొహంతో కూర్చుని ఉంది. దాన్ని చూడటానికి ఎంత ప్రయత్నించినా ఆమె గొంతు వినబడుతోంది తప్ప ఏదీ కనబడటం లేదు. గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే జేబులోని కళ్ళజోడు కదులుతోందనిపించింది. అన్నయ్యకి కూడా ఇలాగే తెలిసి ఉంటుందా? తెలిసీ, ఎవరికీ చెప్పకుండా, టేపు చుట్టుకుంటూ, విప్పుకుంటూ, ఒక్కడే కూర్చున్నాడా? ఆ ఆలోచన అన్నింటికంటే భయంగా ఉంది. జబ్బుకంటే కూడా. ఎవరి ప్రూఫు వాళ్ళే దిద్దుకుంటూ ఒక గదిలో ఒక్కడు.

"చాలా భయంగా ఉందే" అన్నాడు.

"నాకు లేదనుకున్నారా?" అంది ఆమె. "రాత్రిళ్ళు మీరు ఊపిరి తీస్తుంటే లెక్కపెడుతున్నా, మీ లెక్కల పిచ్చి నాకంటించి."

పుస్తకం లేక మిషను ఒకవైపుకి ఒరిగి ఉంది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

తర్వాత అతను జేబులోంచి కళ్ళజోడు పెట్టె తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె పెట్టెను చూసింది, అతన్ని చూసింది.

"మర సరిపోయిందన్నమాట" అంది. లేచి, ముందుగదిలోంచి కాగితం తెచ్చింది. సీసపు దిమ్మ కూడా తెచ్చింది. మిషను చెక్క ఒరిగి ఉంది కదా, జారిపోకుండా కాగితం మీద అది పెట్టింది. కళ్ళజోడు తగిలించుకుని, చెవుల వెనక సర్దుకుని, గొంతు సవరించుకుంది.

"ఒకటి. ఇదివరకు బాగా తెలిసిన సంగతులు మరిచిపోవడం జరుగుతున్నదా, గీత."

ఆగింది. నలభై ఏళ్ళ కిందట ఆగినట్టే, పెన్ను పట్టుకుని, తలెత్తకుండా ఆగింది.

అతను ప్రశ్నంతా ఇంకోసారి, తన కళ్ళతో, మొదటి అక్షరంనుంచి చివరిదాకా చదివాడు. చదివి, మిషను చెక్క మీద వేలితో ఒక్కసారి తట్టాడు.